రోజుకొక కాగితం, 21 నెలలు: 1711 నాటి ‘స్పెక్టేటర్’ పత్రిక చరిత్రపై చర్చ

అక్షరదీపిక రాశారు:

ఒకప్పుడు మన కళాశాలల్లో ఆంగ్లం చదివిన వారిలో ఆంగ్ల వ్యాసకర్తలు జోసెఫ్ అడిసన్, రిచర్డ్ స్టీల్‌ల పేర్లు వినని వారు అరుదు. సర్ రోజర్ డి కోవర్లీ అనే పల్లెటూరి జమీందారు గురించిన వ్యాసాలు పాఠ్యపుస్తకాల్లో ఉండేవి. అయితే ఆ వ్యాసాలు ఏ పత్రికలో వచ్చాయో, ఆ పత్రిక ఎలా నడిచిందో, ఎందుకు ఆగిపోయిందో తరగతి గదిలో చెప్పడం తక్కువ. ఆ చరిత్ర మీద ఇక్కడ చర్చించుకుందామని ఈ అంశం మొదలుపెడుతున్నాను.

లండన్ నగరంలో 1711 మార్చి 1వ తేదీన, గురువారం నాడు వారిద్దరూ కలిసి నడిపిన ‘స్పెక్టేటర్’ మొదటి సంచిక వెలువడింది. ఆదివారం తప్ప ప్రతిరోజూ వచ్చేది. 1712 డిసెంబర్ 6వ తేదీన 555వ సంచికతో ఆగింది. స్టీల్ లేకుండా అడిసన్ 1714 జూన్‌లో మళ్లీ తెరిచి, వారానికి మూడుసార్ల చొప్పున ఆ ఏడాది చివరి దాకా మరో 80 సంచికలు నడిపాడు. మొత్తం 635. ఈనాడు అదే పేరుతో లండన్ నుంచి వస్తున్న వారపత్రిక 1828లో పుట్టింది. దానికీ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు, కనుక ఆ రెంటినీ కలపవద్దని మనవి.

నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్న ప్రశ్న ఒకటుంది. రెండేళ్లు కూడా నిండని దినపత్రిక, అందులోనూ వార్తలు లేని పత్రిక, రెండు వందల ఏళ్ల పాటు ఇంగ్లండులోనూ వెలుపలా వచన రచనకు ఒరవడి ఎలా అయింది? రచన గొప్పది కాబట్టి అయింది అని చెప్పడం సులభమే గాని, అంత మాత్రాన నాకు తృప్తి లేదు. ఆ కాలంలో బాగా రాసిన పత్రికలు ఇంకా ఉన్నాయి, అవి పోయాయి. స్పెక్టేటర్ నిలవడానికి దాన్ని సంపుటాలుగా కట్టి అమ్మిన తీరు ముఖ్య కారణమని నా అభిప్రాయం. దానికి నా ఆధారాలు తరువాత చెబుతాను. ముందు మిత్రుల మాట వినాలని ఉంది.

పాతకాగితం రాశారు:

మంచి అంశం ఎత్తుకున్నారు. సంపుటాల సంగతికి వెళ్లే ముందు ఆ రోజువారీ కాగితం ఎలా ఉండేదో చూస్తే మంచిది. మూల సంచికల ప్రతిబింబాలు ఇప్పుడు అంతర్జాలంలో దొరుకుతున్నాయి.

అది ఒకే ఒక్క కాగితం. రెండు వైపులా, పక్కపక్కనే రెండు నిలువు వరుసల్లో అచ్చు. పైన పత్రిక పేరు, దాని కింద ఒక లాటిన్ లేదా గ్రీకు సూక్తి, ఆ తరువాత ఆనాటి తేదీ. ఒక వ్యాసం, అంతే. శీర్షిక ఉండదు. వ్యాసం ముగిశాక రెండో పక్క అడుగున ప్రకటనలు. అన్నిటికంటే కింద ఒక చిన్న పంక్తిలో, లిటిల్ బ్రిటన్ వీధిలో డాల్ఫిన్ గుర్తున్న దుకాణం సామ్యూల్ బక్లీ కోసం ముద్రితమనీ, వార్విక్ లేన్‌లో ఎ. బాల్డ్విన్ వద్ద అమ్మకమనీ ఉంటుంది. ఈ బాల్డ్విన్ ఒక మహిళ. పుస్తకాల వ్యాపారి అయిన భర్త పోయాక ఆ వ్యాపారాన్ని తానే నడిపింది. మరికొన్నాళ్లకు ఆ పంక్తిలోనే, స్ట్రాండ్ వీధిలో అత్తర్లు అమ్మే చార్ల్స్ లిల్లీ పేరు కూడా చేరింది. ఆయన దుకాణంలో పత్రికా దొరికేది, ప్రకటనలూ తీసుకునేవారు. ధర ఒక పెన్నీ.

బక్లీ పేరు గుర్తుంచుకోవాలి. ఇంగ్లండులో తొలి దినపత్రిక అయిన ‘డెయిలీ కూరంట్’ను నడుపుతున్నది ఆయనే. ప్రతిరోజూ ఒక కాగితం అచ్చువేసి పొద్దున్నే ఊరంతా పంచే యంత్రాంగం ఆయన దగ్గర అప్పటికే సిద్ధంగా ఉంది. సాహిత్య వ్యాసాన్ని రోజూ వేయాలన్న సాహసం వెనుక ఈ వసతి ఉందని నేననుకుంటున్నాను.

ఇక అడిసన్, స్టీల్‌లు రోజూ రాసేంత తీరికగా ఎలా ఉన్నారన్నది మరో ముచ్చట. 1710లో వారి రాజకీయ పక్షమైన విగ్‌ల అధికారం పోయి, హార్లీ నాయకత్వంలో ప్రత్యర్థి పక్షం టోరీలు వచ్చారు. అడిసన్ ఐర్లండు పరిపాలనకు సంబంధించిన పదవి కోల్పోయాడు. స్టీల్ ప్రభుత్వ గెజిట్ సంపాదకత్వం కోల్పోయాడు. స్టీల్ అంతకుముందు 1709 ఏప్రిల్ నుంచి ‘టాట్లర్’ అనే పత్రికను వారానికి మూడుసార్లు నడిపి, 271 సంచికల తరువాత 1711 జనవరి 2న హఠాత్తుగా ఆపేశాడు. సరిగ్గా రెండు నెలలకు స్పెక్టేటర్ వచ్చింది. ఉద్యోగం లేని ఇద్దరు మిత్రులు, పేరు మోసిన ఒక పత్రిక నడిపిన అనుభవం, రోజువారీ ముద్రణకు అలవాటు పడిన ప్రచురణకర్త ఒకచోట కలిశారు.

వాణీపుత్రి రాశారు:

పాతకాగితం గారి వివరణ చాలా ఉపయోగకరంగా ఉంది. నాకొక సందేహం. 10వ సంచికలో అడిసన్, తన పత్రిక రోజుకు 3,000 ప్రతులు పంపిణీ అవుతోందని ప్రచురణకర్త చెప్పాడనీ, ఒక్కో ప్రతిని 20 మంది చదువుతారని లెక్కవేస్తే లండన్, వెస్ట్‌మినిస్టర్‌లలో తనకు 60,000 మంది శిష్యులున్నట్టనీ రాస్తాడు. పది సంచికలకే ఇంత పాఠకలోకమా? ఇది పత్రికలు తమ గురించి తాము చెప్పుకునే గొప్పల్లో ఒకటి కాదా? చరిత్ర పుస్తకాల్లో ఈ 3,000 అంకె యథాతథంగా కనబడుతూ ఉంటుంది. దీన్ని సరిచూసే దారి ఏదైనా ఉందా?

లెక్కలమాస్టారు రాశారు:

ఉందండి. ఆ దారి చూపినది స్టీలే.

1712 ఆగస్టు 1వ తేదీ నుంచి ఇంగ్లండులో పత్రికల మీద స్టాంపు పన్ను అమల్లోకి వచ్చింది. పెద్ద అచ్చు కాగితంలో సగం మీద వేసే ఇలాంటి పత్రికకు ప్రతికి అర పెన్నీ. ప్రతి ప్రకటనకూ ఒక షిల్లింగు అదనం. తొలి విడతలో చివరి సంచిక అయిన 555లో స్టీల్ తన పేరు పెట్టి వీడ్కోలు చెబుతూ, ఈ ఒక్క పత్రిక వల్లనే స్టాంపు కార్యాలయానికి సగటున వారానికి 20 పౌండ్లకు పైగా వస్తోందని రాశాడు. ఒక పౌండుకు 240 పెన్నీలు, అంటే 480 అర పెన్నీలు. 20 పౌండ్లకు 9,600. వారానికి ఆరు సంచికలు కనుక, రోజుకు 1,600 ప్రతులు.

అదే వాక్యంలో స్టీల్ ఇంకో మాట చెప్పాడు. పన్ను పడిన కొత్తలో పత్రిక ప్రతులు అంతకుముందున్న వాటిలో సగం కంటే తక్కువకు పడిపోయాయట. 1,600కు రెట్టింపు 3,200. అంటే పన్నుకు ముందు 3,000 పైచిలుకు అన్నమాట నమ్మదగినదే అవుతుంది. ఈ రెండు అంకెలూ పత్రికవాళ్లే చెప్పుకున్నవన్న మాట నిజమే గాని, ఒకటి 1711 మార్చిలో గర్వంగా చెప్పినది, మరొకటి 1712 డిసెంబర్‌లో ప్రభుత్వానికి కట్టిన సొమ్ము గురించి చెప్పినది. ఇరవై ఒక్క నెలల ఎడంతో, వేర్వేరు సందర్భాల్లో చెప్పిన రెండు మాటలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయి. అంచేత నేను 3,000ను అంగీకరిస్తాను.

ప్రతికి 20 మంది అన్నది మాత్రం కొలవలేని అంకె. అయితే ఆనాటి కాఫీ హౌసుల్లో ఒక పెన్నీ ఇచ్చి లోపలికి వెళితే, బల్లల మీద ఉన్న పత్రికలన్నీ చదువుకోవచ్చు. మొదటి సంచికలోనే స్పెక్టేటర్ తాను వెళ్లే చోట్ల పేర్లు వరసగా చెబుతాడు: విల్స్, చైల్డ్స్, సెంట్ జేమ్స్, గ్రేషియన్, కోకో ట్రీ, జొనాథన్స్. కవులకొకటి, మతాచార్యులకొకటి, రాజకీయులకొకటి, షేర్ల వ్యాపారులకొకటి. అలాంటి చోట ఒక ప్రతి పొద్దుట నుంచి రాత్రి దాకా ఎన్ని చేతులు మారి ఉంటుందో ఊహించుకోవచ్చు.

వాణీపుత్రి రాశారు:

ధన్యవాదాలు మాస్టారూ. ఇంత సూటిగా తేలుతుందని అనుకోలేదు.

అక్షరదీపిక రాశారు:

మాస్టారి లెక్క నా వాదానికి పునాది వేసింది. ఇప్పుడు నా మాట చెబుతాను.

పన్ను అమలు కావడానికి ముందురోజు, జూలై 31న, 445వ సంచికలో అడిసన్ ఆ మరునాటి నుంచి ఎన్ని పత్రికలు మిగులుతాయోనని విచారిస్తాడు. ఆ విచారం అక్షరాలా నిజమైంది, చిన్న పత్రికలు చాలా మూతపడ్డాయి. స్పెక్టేటర్ ధర పెంచి రెండు పెన్నీలు చేసి నిలబడిందని, వారం రోజుల్లోపే రచయిత జోనాథన్ స్విఫ్ట్ తన ఉత్తరంలో రాశాడు. పన్ను అర పెన్నీ, పెరిగినది ఒక పెన్నీ. పాఠకులు ఊరుకోలేదు. 488వ సంచికలో వారి ఫిర్యాదులకు అడిసన్ జవాబు చెబుతూ ఒక ఇంటి సంగతి రాస్తాడు. ధర పెరిగిందని ఒక తండ్రి పత్రిక మానేశాడట. ఆయన కూతుళ్లందరూ ఏకమై, పొద్దున టీతో తినే రొట్టె, వెన్న ఖర్చు మానుకుంటామనీ, దాని బదులు పత్రిక తెప్పించమనీ అర్జీ పెట్టుకున్నారట. ఆ పెద్దాయన సంతోషించి, రొట్టె వెన్నా పత్రికా రెండూ కొనసాగించాడట. 10వ సంచికలో అడిసన్ కోరినది సరిగ్గా ఇదే: క్రమశిక్షణ గల కుటుంబాలు పొద్దున్నే టీకి, రొట్టెకు, వెన్నకు కేటాయించే గంటలో తన పత్రికను కూడా ఆ సరంజామాలో భాగంగా బల్ల మీద పెట్టించుకోవాలని. ఏడాదిన్నరలో ఆ అలవాటు స్థిరపడిందని 488వ సంచిక చెబుతోంది.

అయినా పత్రిక ఆగింది. పన్ను వల్ల ఆగిందని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. తేదీలు చూడండి. పత్రిక మొదలై ఏడాది కాకముందే, 1712 జనవరిలో తొలి రెండు సంపుటాలు పుస్తకాలుగా వచ్చాయి. 555వ సంచికలో స్టీల్ ఇచ్చిన లెక్క ప్రకారం, అప్పటికి వెలువడిన సంపుటాలు ఒక్కొక్కటీ 9,000 ప్రతులకు పైగా అమ్ముడయ్యాయి. రోజువారీ కాగితం 3,000 దగ్గర ఉంటే, పుస్తకం దానికి మూడింతలు పోయింది. కట్టిన పుస్తకానికి ఈ స్టాంపు పన్ను లేదు. 1712 నవంబర్ 10న అడిసన్, స్టీల్‌లు ఏడు సంపుటాల హక్కును చెరిసగంగా బక్లీకి, మరో ప్రచురణకర్త చిన్న జేకబ్ టాన్సన్‌కు అమ్మారు. ఒక్కొక్క సగానికి 575 పౌండ్లు, మొత్తం 1,150 పౌండ్లు. ఆ తరువాత నెల తిరక్కుండానే కాగితం ఆగింది.

అంటే వారు అలసిపోయో ఓడిపోయో ఆపలేదు. ఏడో సంపుటం నిండింది, పుస్తకం అమ్ముడైంది, పని పూర్తయింది. సంచికలను సంపుటాలుగా దాచుకోవడం పాఠకుల ఇష్టానికి వదిలిపెట్టిన పత్రికలకూ, రాసే రోజునే సంపుటాన్ని మనసులో పెట్టుకున్న పత్రికకూ తేడా ఇదే. ఆనాటి వీధుల్లో అమ్మిన కాగితాల్లో ఎక్కువ భాగం చినిగిపోయి పోయాయి. ఇంగ్లండు పల్లెల్లో, అమెరికా వలసల్లో, తరువాత వంద ఏళ్ల పాటు జనం చదివింది ఆ సంపుటాలనే. బోస్టన్‌లో అన్నగారి అచ్చుశాలలో పనిచేస్తున్న కుర్రవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు దొరికింది కూడా జత లేని ఒక విడి సంపుటం, మూడోది. అందులోని వాక్యాల భావాన్ని ముక్కలుగా రాసుకుని, కొన్నాళ్లు పక్కన పెట్టి, మళ్లీ తన మాటల్లో పూర్తిచేసి, మూలంతో పోల్చి దిద్దుకుంటూ రాయడం నేర్చుకున్నానని ఆయన ఆత్మకథలో చెప్పుకున్నాడు. విడి కాగితాలుగానే ఉండిపోయి ఉంటే అట్లాంటిక్ దాటి ఆ కుర్రవాడి చేతికి చేరేవా?

తెరచాప రాశారు:

అక్షరదీపిక గారి ఆధారాలు గట్టివి. కాని ముగింపుతో నేను పూర్తిగా ఏకీభవించలేను. కట్టిన సంపుటం పాఠకుడి చేతికి చేరుస్తుంది, అంతవరకే. చేరిన తరువాత తెరిచి, మళ్లీ మళ్లీ తెరిచేలా చేసేది లోపలి సరుకు. రచయిత డేనియల్ డిఫో తన ‘రివ్యూ’ పత్రికను దాదాపు ఒంటి చేత్తో తొమ్మిదేళ్లు నడిపాడు, అది కూడా సంపుటాలుగా కట్టారు. ఇవాళ దాన్ని పరిశోధకులు తప్ప ఎవరు చదువుతున్నారు?

నా దృష్టిలో స్పెక్టేటర్ కనిపెట్టిన కొత్త సంగతి, కల్పిత మనుషులతో కూడిన ఒక క్లబ్బు. రెండో సంచికలో స్టీల్ ఆ సభ్యులను పరిచయం చేశాడు. వోస్టర్‌షైర్ జమీందారు సర్ రోజర్, వర్తకుడు సర్ ఆండ్రూ ఫ్రీపోర్ట్, సైన్యం వదిలి వచ్చిన కెప్టెన్ సెంట్రీ, వయసు మళ్లినా సోకు మానని విల్ హనీకూంబ్, న్యాయశాస్త్రం చదవవలసిన వేళ నాటకాలు చదువుకునే ఒక పెద్దమనిషి, అరుదుగా వచ్చే ఒక మతాచార్యుడు. వీరందరినీ గమనిస్తూ, తాను మాత్రం నోరు విప్పని కథకుడు. రోజుకొక వ్యాసం అన్నప్పుడు పాఠకుణ్ణి మరునాటికి లాక్కొచ్చేది వాదం కాదు, మనుషులు. నవల అనే ప్రక్రియ ఇంగ్లీషులో ఇంకా నిలదొక్కుకోని రోజుల్లో, పాఠకులు ఈ కల్పిత మనుషుల క్షేమసమాచారాలు అడుగుతూ ఉత్తరాలు రాశారు.

రెండో సంగతి, సాహిత్య విమర్శ. 1712 జనవరి 5 మొదలు వరసగా 18 శనివారాలు అడిసన్ మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ మీద వ్యాసాలు రాశాడు. పండితులు లాటిన్‌లో చేసుకునే చర్చను కాఫీ బల్ల మీదికి తెచ్చాడు. తత్త్వశాస్త్రాన్ని గ్రంథాలయాల్లోంచి, పాఠశాలల్లోంచి బయటికి తెచ్చి క్లబ్బుల్లో, టీ బల్లల దగ్గర, కాఫీ హౌసుల్లో కాపురం పెట్టించాలన్నది 10వ సంచికలో ఆయన ప్రకటించిన ఆశయం. ఆ ఆశయాన్ని ఆ శనివారాలు అక్షరాలా నెరవేర్చాయి. అంతేకాదు, 70, 74 సంచికల్లో ‘చెవీ చేజ్’ అనే జానపద వీరగాథను రోమన్ మహాకవి వర్జిల్ పక్కన నిలబెట్టి మెచ్చుకున్నాడు. సామాన్యులు పాడుకునే పాటకు శాస్త్రీయ కావ్యపు కొలబద్ద పెట్టి చూడటం ఆనాటికి చిన్న సంగతి కాదు.

మూడోది, పక్షపాతం లేని మర్యాద. విగ్, టోరీ కక్షలతో ఊరు అట్టుడికిపోతున్న రోజుల్లో, మొదటి సంచికలోనే ఈ కథకుడు రెండు పక్షాల మధ్య తటస్థంగా ఉంటానని మాట ఇచ్చాడు. టోరీ సర్ రోజర్‌నూ, విగ్ సర్ ఆండ్రూనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

వాణీపుత్రి రాశారు:

ఆ తటస్థత మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది, తెరచాప గారూ.

మూడో సంచిక చూడండి, అంటే పత్రిక మొదలైన మూడో రోజు. అడిసన్ ఒక కల కన్నట్టు రాస్తాడు. బ్యాంకు హాలులో బంగారు సింహాసనం మీద ప్రజాపరపతి (ప్రభుత్వ రుణాల మీద జనానికి ఉండే నమ్మకం) అనే కన్య కూర్చుని ఉంటుంది. గోడలకు మాగ్నా కార్టా, సింహాసన వారసత్వ చట్టం మొదలైనవి వేలాడుతుంటాయి. వాటికి ఏమాత్రం హాని కలుగుతుందనిపించినా ఆమె కళవళపడుతుంది. అంతలో కొన్ని భూతాలు లోపలికి వస్తాయి. వాటిలో ఒక యువకుడు, కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో స్పంజి. ఆ యువకుడు దేశం వెలుపల ఉండి సింహాసనం కోరుతున్న స్టువర్ట్ వంశపు వారసుడని, ఆ స్పంజి జాతీయ రుణాన్ని తుడిచేయడానికని ఆనాటి పాఠకుడికి విప్పి చెప్పనక్కర లేదు. కన్య మూర్ఛపోతుంది, డబ్బు సంచులు గాలి సంచులవుతాయి. ఇది పూర్తిగా విగ్ రాజకీయం.

సంపుటాల అంకితాలు కూడా చూడండి: సోమర్స్, హాలిఫాక్స్, మార్ల్‌బరో, వార్టన్, సండర్లండ్. అధికారం పోగొట్టుకున్న విగ్ పెద్దల జాబితా అది. 1712 మేలో 384వ సంచికలో విగ్ బిషప్ ఫ్లీట్‌వుడ్ తన ప్రసంగాల పుస్తకానికి రాసిన ముందుమాటను పూర్తిగా అచ్చువేశారు. కామన్స్ సభ తగలబెట్టమని ఆజ్ఞాపించిన ముందుమాట అది. క్లబ్బులో కూడా టోరీ జమీందారు మనసు మంచిదే గాని కాలం చెల్లిన మనిషి, విగ్ వర్తకుడు మాత్రం లోకం తెలిసిన వివేకి. అరవడం మానేసి నవ్వుతూ చెప్పారు కాబట్టి పక్షం లేదనుకోవడం సరికాదు. ఆ సౌమ్యతే వారి రాజకీయానికి ఎక్కువ బలం ఇచ్చిందని నా నమ్మకం.

ఇక స్త్రీల విషయం. ఈ పత్రిక స్త్రీలకే ఎక్కువ ఉపయోగపడుతుందని 10వ సంచికలో అడిసన్ ప్రకటిస్తాడు. ఆ తరువాత చెప్పే కారణం మాత్రం బాధ కలిగిస్తుంది: వారి పొద్దు అలంకరణతో, రిబ్బన్ల ఎంపికతో గడిచిపోతుందట. ఈ ధోరణి స్విఫ్ట్‌కే విసుగు పుట్టించింది. ఆ పత్రిక స్త్రీల గురించే లోకాంతం దాకా రాసుకోనీ, నాకెందుకని 1712 ఫిబ్రవరిలో ఒక ఉత్తరంలో రాశాడు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. స్త్రీని పాఠకురాలిగా ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిన పత్రికలు అప్పటికి చాలా తక్కువ. వారి ఉత్తరాలను అచ్చువేసింది, వారికి చదివే అలవాటు ఉందని ఒప్పుకుంది. 1714లో మళ్లీ మొదలైనప్పుడు, వితంతువుల క్లబ్బును ఎగతాళి చేసిన ఒక సంచికకు 573వ సంచికలో ఒక వితంతువు గొంతుతో గట్టి జవాబు వచ్చింది. అది రాసినది లేడీ మేరీ వర్ట్‌లీ మాంటెగ్యూ. చివరకు 1744లో ఎలైజా హేవుడ్ ‘ఫిమేల్ స్పెక్టేటర్’ అనే పేరుతో తన సొంత పత్రికే పెట్టింది. ఆ పేరు పెట్టుకోవడంలో అప్పు తీర్చడమూ ఉంది, హక్కు అడగడమూ ఉంది.

11వ సంచికను కూడా మరిచిపోరాదు. ఇంకిల్ అనే ఆంగ్ల వర్తకుణ్ణి యారికో అనే అమెరికా ఆదివాసి యువతి ప్రాణాలు కాపాడి ప్రేమిస్తే, అతడు బార్బడోస్ చేరగానే ఆమెను బానిసగా అమ్మేస్తాడు. ఆమె గర్భవతినని చెబితే ధర పెంచుతాడు. లిగన్ రాసిన బార్బడోస్ చరిత్రలోని కొద్దిపాటి వాక్యాలను స్టీల్ ఇంత కన్నీటి కథగా మలిచాడు. అదే స్టీల్‌కు మొదటి భార్య ద్వారా బార్బడోస్‌లో బానిసలు పనిచేసే తోట సంక్రమించింది. ఆ కథ చదివినప్పుడల్లా ఈ రెండో సంగతి కూడా గుర్తుకు వస్తుంది. రెంటినీ కలిపే చదవాలని నా కోరిక.

కృష్ణాతీరం రాశారు:

ఇంతవరకూ చదువుతూ ఉన్నాను, ఒక చిన్న చేర్పు. వర్తకాన్ని పొగుడుతూ అడిసన్ రాసిన 69వ సంచికలో, ఒక సంపన్న స్త్రీ ఒంటి మీది వస్తువులు ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో చెబుతాడు. జరీ పావడా పెరూ గనుల నుంచీ, వజ్రాల హారం హిందూస్థాన్ కడుపులో నుంచీ వచ్చాయంటాడు. బ్రెజిల్‌లో వజ్రాలు దొరకడం 1720ల నాటి మాట. 1711లో లండన్‌లో మెరిసే వజ్రాలకు పెద్ద ఆకరం మన కృష్ణాతీరపు గోల్కొండ గనులే. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ పిట్ కొని పంపిన పెద్ద వజ్రం, ఆ సంచిక వచ్చేనాటికి లండన్‌లో సానపట్టి, కొనేవాళ్ల కోసం ఎదురుచూస్తోంది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి దాన్ని కొన్నాడు. అడిసన్ వాక్యంలో ఆ హారం పెట్టుకున్న స్త్రీ ఉంది, అమ్మిన వర్తకుడు ఉన్నాడు. గనిలో దిగి తవ్విన మనిషి లేడు. వాణీపుత్రి గారు 11వ సంచిక గురించి చెప్పిన మాట చదివాక నాకు ఇది రాయాలనిపించింది.

తెరచాప రాశారు:

వాణీపుత్రి గారు చూపిన మూడో సంచిక ఆధారం బలమైనది, ఆ పత్రిక విగ్ పక్షపు పత్రికే అనడంలో ఇక నాకు వాదం లేదు. అయితే పక్షం ఉన్నవాడు ఎదుటి పక్షపు మనిషిని ఎలా చిత్రించాడన్నది వేరే ప్రశ్న. దానికి 517వ సంచిక జవాబు.

1712 అక్టోబర్ 23న వచ్చిన ఆ సంచికలో సర్ రోజర్ మరణవార్త ఉంది. బట్లర్ ఎడ్వర్డ్ బిస్కెట్ రాసిన ఉత్తరం రూపంలో, చదువు అంతగా లేని నౌకరు మాటల్లో అడిసన్ దాన్ని రాశాడు. ఊళ్లోని ప్రతి పురుషుడికీ ఒక ముతక ఉన్ని కోటు, ప్రతి స్త్రీకీ ఒక నల్లని ముసుగు కోటు ఇవ్వమని యజమాని వీలునామాలో రాశాడని చెబుతాడు. ఉత్తరంతో పాటు సర్ ఆండ్రూ పేర సర్ రోజర్ పంపమన్న ఒక పుస్తకం కూడా వచ్చింది. సర్ ఆండ్రూ విప్పి చూస్తే అది పార్లమెంటు చట్టాల సంకలనం. అందులో మత ఏకరూపతా చట్టం దగ్గర కొన్ని చోట్ల సర్ రోజర్ స్వహస్తంతో గుర్తులు పెట్టి ఉన్నాయి. క్లబ్బులో చివరిసారి కలిసినప్పుడు ఇద్దరూ వాదించుకున్న అంశాలే అవి. మరొక వేళ అయితే సర్ ఆండ్రూ నవ్వుకునేవాడే. ఆ ముసలాయన దస్తూరి చూడగానే కన్నీళ్లు పెట్టుకుని, పుస్తకాన్ని జేబులో పెట్టుకున్నాడు.

టోరీ తన వాదాన్ని చావుబతుకుల్లోనూ విడవలేదు, విగ్ తన వాదాన్ని మార్చుకోలేదు. అయినా ఆ కన్నీరు వచ్చింది. ఇది రాయగలిగిన చేతిని కేవలం పక్షం పేరుతో కొలవలేమని నా మనవి.

పాతకాగితం రాశారు:

మన భాషలో ఈ పత్రికకు నేరుగా పుట్టిన సంతానం ఉంది, దాని మాట రాకుండా ఈ చర్చ సాగడం నాకు వెలితిగా ఉంది. పానుగంటి లక్ష్మీనరసింహారావు గారి ‘సాక్షి’ వ్యాసాలు స్పెక్టేటర్‌ను ఆదర్శంగా పెట్టుకుని రాసినవే. 1913లో ‘సువర్ణలేఖ’లో మొదలై, తరువాత ‘ఆంధ్రపత్రిక’లో సాగాయి. అక్కడ క్లబ్బు, ఇక్కడ సాక్షి సంఘం. సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యుడు, వాణీదాసు, బొర్రయ్యసెట్టి. వర్తకుడికి సంఘంలో చోటివ్వడం దాకా ఆ పోలిక కనిపిస్తుంది.

తేడా మాత్రం పెద్దది, నాకు అదే ఎక్కువ ఆసక్తి. స్పెక్టేటర్ మాట్లాడడు, చూస్తాడు. వ్యాసం చదువుతుంటే ఒక మనిషి మన చెవి దగ్గర మెల్లగా చెబుతున్నట్టుంటుంది. పానుగంటి వారి దగ్గర సాక్షి విని రాసేవాడు, నిలబడి గొంతెత్తేవాడు జంఘాలశాస్త్రి. మన హరికథలకు, పురాణ కాలక్షేపాలకు, సభల్లో ఉపన్యాసాలకు అలవాటు పడిన చెవికి తగిన మార్పు అది. మాట మీద మాట, పోలిక మీద పోలిక పేర్చుకుంటూ పోయే ఆ వాగ్ధోరణి అడిసన్‌లో వెదికినా దొరకదు. అడిసన్ కలంలో ఒక వాక్యంతో తేలిపోయే వెక్కిరింత, శాస్త్రి నోట పేజీ నిండుగా పారుతుంది. రూపాన్ని తెచ్చుకుని స్వరాన్ని తనదే ఉంచుకున్న రచయితను ఇంతకంటే బాగా చూపే ఉదాహరణ నాకు తట్టడం లేదు. అన్నట్టు, సాక్షి వ్యాసాలను కూడా మనం ఇవాళ చదువుతున్నది సంపుటాల్లోనే. ఇది అక్షరదీపిక గారి పక్షాన ఒక ఆధారం.

లెక్కలమాస్టారు రాశారు:

ఒక్క అంకె చేర్చి వెళతాను. మొదటి 555 సంచికల్లో అడిసన్, స్టీల్‌లవి చెరి 250 దాకా ఉన్నాయి, తక్కిన 50 పైచిలుకు బడ్జెల్, హ్యూస్, పోప్ మొదలైన వారివి. వ్యాసం చివర అక్షరాన్ని బట్టి ఎవరిదో తెలుస్తుంది. సి, ఎల్, ఐ, ఓ అన్నవి అడిసన్ గుర్తులు. ఆర్, టి స్టీల్‌వి. ఎక్స్ బడ్జెల్‌ది. వీడ్కోలు సంచికలో స్టీల్ తన పేరు బయటపెట్టాడు గాని అడిసన్ పేరు చెప్పలేదు, ఆ నాలుగు అక్షరాలనూ చూపి అవి రాసిన మిత్రుడికి కృతజ్ఞత చెప్పుకున్నాడు. సగం పని స్టీల్‌ది అయినా కీర్తి అంతా అడిసన్‌కే పోవడానికి ఈ వినయం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది. క్లబ్బును సృష్టించింది, సర్ రోజర్‌కు మొదట ప్రాణం పోసింది, ఇంకిల్ కథ రాసింది స్టీల్.

అక్షరదీపిక రాశారు:

మాస్టారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. తెరచాప గారు చెప్పిన 517వ సంచికకు నా దగ్గర ఎదురు వాదం లేదు. అయితే అది వచ్చింది అక్టోబర్ 23న, హక్కుల అమ్మకం జరిగింది నవంబర్ 10న. ముగింపు దగ్గరపడిందని తెలిసి, క్లబ్బులో ఒక్కొక్కరినీ సాగనంపడం అప్పుడే మొదలైంది. కథకు ముగింపు కావలసింది పుస్తకానికి. రోజువారీ కాగితానికి రేపు ఉంటే చాలు.

ఇంకొక ఆధారంతో ఈ రోజుకు ఆపుతాను. పాతకాగితం గారు చెప్పిన అత్తర్ల దుకాణం చార్ల్స్ లిల్లీ, 1725లో ఒక వింత పుస్తకం వేశాడు. టాట్లర్‌కూ స్పెక్టేటర్‌కూ పాఠకులు రాసి పంపగా అచ్చుకు నోచుకోని ఉత్తరాలను రెండు సంపుటాలుగా ప్రచురించాడు. పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటింది, అడిసన్ మరణించి ఆరేళ్లయింది. అప్పటికీ ఆ పత్రిక తిరస్కరించిన ఉత్తరాలకు కూడా కొనేవాళ్లున్నారని ఒక దుకాణదారు నమ్మాడు. వాణీపుత్రి గారు స్త్రీ పాఠకుల గురించి అడుగుతున్న ప్రశ్నలకు ఆ రెండు సంపుటాల్లో దొరికే జవాబులు, అడిసన్ ఎంపిక చేసి దిద్ది అచ్చువేసిన ఉత్తరాల్లో దొరికేవాటి కంటే సూటిగా ఉంటాయి. వాటిని ముందు పెట్టుకుని, స్త్రీల పేరుతో ఉన్నవాటిని వేరుచేసి చదవడం మొదలుపెడదామా? ఆసక్తి ఉన్నవారు ఇక్కడే చెబితే మొదటి సంపుటం నుంచి పంచుకుందాం.

వాణీపుత్రి రాశారు:

నేను సిద్ధం. మొదటి సంపుటంలో మొదటి సగం నేను చూస్తాను. ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ సంచికకు జవాబుగా రాసింది అన్న రెండు వివరాలూ ప్రతిదానికీ రాసుకుందాం. అప్పుడే అచ్చయిన వాటితో పోల్చడం వీలవుతుంది.